అరచేతి నీళ్లు

ఏడవ తొట్టి గొట్టం చివర తొలి బొట్టు రాలిన వేళ, ఆ బొట్టు కోసం పందొమ్మిదేళ్లు తపస్సు చేసిన మనిషి నలభై అడుగుల దూరంలో నీళ్ల ట్యాంకు నీడన ఒంటరిగా నిలబడి ఉన్నాడు.

అక్కడ నిలబడమన్నది పరిశోధన కేంద్రం డైరెక్టరు చక్రధర్. "నరహరిగారూ, ఏమీ అనుకోకండి. రాజధాని నుంచి పెద్దలు వచ్చారు. మీ దగ్గర కాస్త వాసన వస్తోంది. ఆ నీడపట్టున ఉంటే మీకూ మంచిది, మాకూ మంచిది" అని చెవిలో చెప్పి, భుజం తట్టి, నవ్వు మొహంతో అతిథుల వైపు వెళ్లిపోయాడు.

వైశాఖ మాసపు ఎండ కణకణలాడుతోంది. గొట్టం కింద పెట్టిన గాజు గిన్నెలో ద్రవం వేలెడు ఎత్తు చేరాక ఎవరో అగ్గిపుల్ల గీసి అంటించారు. అంటుకున్నదో లేదో ఎవరికీ తెలియలేదు. ఆ జ్వాల అంత పలచన, అంత నిర్మలం. అప్పుడు గేటు కాపరి దేవదానం తన నల్లగొడుగు తెచ్చి గిన్నె మీద విప్పి పట్టాడు. ఆ నీడలో నీలిమంట కనబడింది. పొగ లేదు, మసి లేదు. వరిగడ్డి మండితే ఆకాశం నల్లబడడమే చూసిన కళ్లకు అది దేవతార్చన దీపంలా తోచింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ట్యాంకు నీడన నరహరి కూడా చప్పట్లు కొట్టాడు. ఆ చప్పుడు ఆయనకే వినబడింది.

ఓరుగంటి నరహరి పుట్టిన వంశం వేదాధ్యయనానిది. చదివిన చదువు సూక్ష్మజీవులది. డెల్టాలో రెండో పంట దాళ్వా కోతలు కాగానే రైతులు పొలాల్లోనే గడ్డి తగలబెడతారు. యంత్రంతో కోసిన గడ్డిని పశువులు ముట్టవు, మోయడానికి కూలీలు దొరకరు. ఆ పొగకు ఆయన భార్య సుభద్ర ఏటా ఉబ్బసంతో మంచం పట్టేది. పెళ్లైన పదమూడో ఏట ఒక వేసవి, ఊపిరాడక ఆమె పెదవులు నీలమవుతుంటే విసనకర్ర పట్టుకుని కూర్చున్న మనిషికి తట్టిన ఊహ ఇది. గడ్డిలో కూడా చక్కెర ఉంది. పీచులో బిగిసి, తాళం వేసిన భోషాణంలా ఉంది. ఆ తాళం తీయగల ఈస్టును పెంచగలిగితే గడ్డి ఇథనాల్ అవుతుంది. పొలం పొగ పొయ్యిలో మంటగా మారుతుంది.

తాళం తీసే ఈస్టు పదహారేళ్లకు సిద్ధమైంది. గడ్డిపోచను విడవకుండా పట్టుకునేందుకు దాని ఒంటికి జిగురు తొడుగు అమర్చాడు నరహరి. సున్నపు తేటలో నానిన గడ్డి మీద చల్లితే పీచును కొరికి, చక్కెరను పులియబెట్టి, మూడు రోజుల్లో తొట్టెడు గడ్డిని ఇథనాల్‌గా మార్చేది. కాని దానికి వేడి గిట్టదు. ముప్పైనాలుగు డిగ్రీలు దాటితే చచ్చిపోయేది. చలికాలంలో పనిచేసి, గడ్డి కాల్చే వేసవిలో చచ్చే ఈస్టు ఎవరికి కావాలి? ఆరు తొట్లు అలాగే కుళ్లిపోయాయి. ఏడవ తొట్టి మాత్రం, ఎందుకో ఎవరికీ తెలియకుండా, నలభై రెండు డిగ్రీల ఉడుకులో కూడా పొంగింది.

సరిగ్గా దానికి ముందటి మూడు నెలల్లోనే నరహరి బతుకు కుంగింది.

మొదట నాలుక మందమైంది. తరువాత నడక తూలింది. ఆ పైన నోట్లోంచి వాసన. జన్మలో మద్యం ముట్టని మనిషి నోట సారాయి వాసన! డాక్టరు దగ్గరికి వెళితే రక్తం పరీక్ష చేసి, కాగితం బోర్లించి, "ఈ వయసులో మానడం కష్టమే సార్. కాని మానాలి" అన్నాడు. ప్రయోగశాలలోని ఆవిరి పీల్చడం వల్లనేమో అనుకుని నరహరి వారం రోజులు సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు. వాసన ఇంకా పెరిగింది. పూర్వజన్మ పాపమేదో పండిందని వెయ్యి గాయత్రి చేశాడు. జపం పూర్తయ్యేసరికి అంకె తప్పింది.

ఫాల్గుణంలో బావమరిది వేంకటాచలం మనవడి ఉపనయనం జరిగింది. పంక్తిలో కూర్చున్న పెద్దలు అలవాటు ప్రకారం నరహరిని పద్యం చదవమన్నారు. ఆయన గొంతెత్తితే వడ్డించేవాళ్లు గరిటె ఆపి వింటారని చుట్టాలలో పేరు. ఆనాడు మూడు పాదాలు సాగాయి. నాలుగో పాదం నోటికి రాలేదు. రాకపోగా నవ్వు వచ్చింది. ఆపుకోలేని నవ్వు. పక్క విస్తరి ముందున్న వృద్ధుడు ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

వేంకటాచలం వంగి, ఎంతో మర్యాదగా అన్నాడు: "బావగారూ, లేవండి. లోపల గదిలో వడ్డిస్తారు, నిదానంగా భోంచేద్దురుగాని."

పంక్తిలోంచి లేపడం అంటే ఏమిటో ఆ వంశంలో పుట్టినవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. సుభద్ర వాకిట్లో నిలబడి అంతా చూసింది. తిరుగు బస్సులో ఒక్క మాట కూడా అనలేదు. మరునాటి నుంచి వేళకు వడ్డించేది, మంచినీళ్లు పెట్టేది, పవిట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అవతలి గదిలోకి వెళ్లిపోయేది. తిట్టి ఉంటే బాగుండునని నరహరికి చాలాసార్లు అనిపించింది. అరిచే ఇంట్లో ఇద్దరుంటారు. మౌనంగా వడ్డించే ఇంట్లో ఒక్కడే ఉంటాడు.

ఆ నీలిమంట వెలిగిన సాయంత్రం గేటు దగ్గర దేవదానం ఊదే యంత్రం చేతికిచ్చాడు. కేంద్రంలో తయారయ్యేది సారాయికి తోబుట్టువు కనుక, ఇంటికి వెళ్లే ప్రతివాడూ దానిలోకి ఊది, అంకె పుస్తకంలో ఎక్కించి పోవాలన్నది కట్టుబాటు. నరహరి ఊదాడు. యంత్రం కీచుమంది. దేవదానం అంకె రాసుకుని, పుస్తకం మూయకుండా నిలబడ్డాడు.

"ఒక మాట అడగనా సారూ? కోప్పడబాకండి."

"అడుగు దేవదానం."

"ఇరవయ్యేళ్లు తాగినోణ్ణి నేను. మానేసి ఏడేళ్లయింది, ప్రభువు దయ. తాగినోడి సంగతి నాకు తెలవదా? తాగినోడు పొద్దుగూకితే తూలతాడు. మీరేమో అన్నం తిన్నాక తూలతన్నారు."

"ఏం మాటలయ్యా అవి?"

"ఇనండి మరి. పదైదు రోజులకోపాలి మీరు క్యారేజీ తెచ్చుకోరు గదా, ఉపాసం అంటారే..."

"ఏకాదశి."

"అదే. ఆ దినాన చూడండి." అతడు పుస్తకం తిప్పి వేలు పెట్టి చూపించాడు. "సున్నా. దానికి ముందటి ఏకాశికి, ఇదిగో, సున్నా. దానికీ ముందు, సున్నా. మిగతా రోజులన్నీ కొండలెక్కి కూర్చున్నాయి. పండగనాడు తాగేవోణ్ణి చూశా, జీతాలనాడు తాగేవోణ్ణి చూశా. కూడు మానేస్తే మందు కూడా మానేసే తాగుబోతుని మాత్రం నా జన్మలో చూళ్లా. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటది లోకం. నాకైతే మీరసలు ఆ చెట్టు కిందికే పోలేదనిపిస్తంది."

నరహరి ఆ మూడు సున్నాల వంక చూస్తూ ఉండిపోయాడు. వెనుక ఎవరో హారన్ కొడితే గాని పక్కకు జరగలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన నూర్జహాన్ గదికి వెళ్లాడు. కేంద్రంలో ఈస్టుల వంశవృక్షాలు చదవగలిగిన మనిషి ఆమె ఒక్కతే. పదేళ్ల క్రితం ఉద్యోగంలో చేరిన రోజునే, "ఈ ఊళ్లో మందు ముట్టనివాళ్లు మీరూ నేనూ ఇద్దరమే ఉన్నట్టున్నాం సార్, మనిద్దరికే ఈ సారా బట్టీ అప్పజెప్పారు" అని ఆయనను నవ్వించింది. ఈ మూడు నెలలూ ఆ హాస్యం ఆమె నోట రాలేదు.

"అమ్మా, నా నాలుక మీది తడి తీసి పరీక్ష చెయ్యి. ఎందుకని అడగకు."

ఆమె దూదిపుల్ల తీసింది. రెండో రోజు మధ్యాహ్నం దాటాక తనే ఆయన గదికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, కూర్చోకుండానే చెప్పింది.

"మూడుసార్లు చూశాను సార్. మీ నాలుక మీద ఉన్నది మన ఈస్టే. అంతేకాదు, ఏడో తొట్టిలో ఉన్నదీ మీ నాలుక మీద ఉన్నదీ ఒక్కటే. ఫ్రీజర్లో ఉన్న పాతదానికీ దీనికీ తేడా ఉంది. మూడు నెలలు మీ ఒంటి వేడిలో బతికి, వేడికి ఓర్చుకోవడం నేర్చుకుంది. మీ కడుపులో అన్నాన్ని పులియబెడుతోంది. ఆకుకూర తిన్నా వదలదు. పీచు తినడం మనమే నేర్పాం కదా."

నరహరి చాలాసేపు తన కుడి అరచేతిని చూసుకున్నాడు.

"లోపలికి ఎలా వెళ్లిందో నాకు అర్థం కావడం లేదు" అంది నూర్జహాన్. "సబ్బుతో ఆ జిగురు పోదు, స్పిరిట్ రాస్తేనే చస్తుందని, స్పిరిట్ రాసుకోకుండా ఎవరూ గది దాటకూడదని రూలు పుస్తకంలో రాసిందే మీరు."

"రాసింది నేనే."

"మరి?"

"ఆ చేత్తో ఔపోశన పట్టాలి కదమ్మా" అన్నాడు నరహరి మెల్లగా. "విస్తరి ముందు కూర్చుని, అన్నం చుట్టూ నీళ్లు తిప్పి, అరచేతిలో ఉద్ధరిణెడు పోసుకుని తాగాకే ముద్ద ముట్టడం. మద్యంతో కడిగిన అరచేతిలో ఆ నీళ్లు ఎలా పోసుకోను? సబ్బుతో నాలుగుసార్లు కడిగేవాణ్ణి. మనసుకు శుద్ధి అనిపించేది."

"మా ఇంట్లోనూ మొదట్లో పెద్ద రభసే అయింది సార్. ఇంటికెళ్లి మూడుసార్లు కడుక్కుంటాను. కాని ఇక్కడ మాత్రం రాసుకునే బయటికొస్తాను."

"నువ్వు నాకంటే తెలివిగలదానివి."

ఏడవ తొట్టికి అది ఎలా చేరిందో ఆయనకు ఆమె చెప్పనక్కరలేదు. ప్రతి తొట్టికీ మొదటిసారి ఈస్టు చల్లేముందు, శుభారంభంగా మూడుసార్లు నీళ్లు ప్రోక్షించడం ఆయన అలవాటు. ఏడవ తొట్టినాడు భోజనం ముగించి, ఉత్తరాపోశన పట్టిన చేత్తోనే వచ్చి ప్రోక్షించాడు. పందొమ్మిదేళ్ల చదువు ఇవ్వలేని దానిని ఆ మూడు చుక్కల ఎంగిలి నీళ్లు ఇచ్చాయి.

"సోమవారం ముప్పై ఒక్క ఊళ్లకు ఏడో తొట్టి ఈస్టు డబ్బాలు బయలుదేరుతున్నాయి" అంది నూర్జహాన్. "మీ జబ్బుకు మాత్రలున్నాయి. మూడు వారాలు వాడితే పోతుంది. ఎవరికీ తెలియదు కూడా. ఏం చేయమంటారో మీరే చెప్పాలి."

ఏం చేయమంటాడు? నోరు విప్పకపోతే మూడు వారాల్లో పరువు తిరిగి వస్తుంది. గడ్డి పొగ పోతుంది, సుభద్ర ఊపిరి పీలుస్తుంది, నీలిమంటకు ఆయన పేరు పెడతారు. విప్పితే తాగుబోతు అన్న మాట మిగులుతుంది, తొట్టి మిగలదు. నరహరి లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఏడవ తొట్టి గట్టు మీద కూలీలు వరుసగా కూర్చుని ఆలస్యంగా మధ్యాహ్న భోజనాలు చేస్తున్నారు. గడ్డి అంటిన చేతుల మీద చెంబెడు నీళ్లు పోసుకుని, విదిలించి, ముద్దలు కలుపుతున్నారు. వాళ్ల మధ్య దేవదానం కూర్చుని ఏదో చెప్పి అందరినీ నవ్విస్తున్నాడు. ఏడేళ్లుగా చుక్క ముట్టని మనిషి.

ఆయన మెట్లు దిగి ఇంచుమించు పరుగెత్తాడు.

"దేవదానం, యంత్రం తీసుకుని ఊదు."

"నేనా? ఇదేం తమాషా సారూ, చెయ్యి కూడా కడగలేదు..."

"ఊదవయ్యా!"

అతడు భయపడి ఊదాడు. సున్నా. నరహరి గట్టు మీద కూలబడ్డాడు. ఇంకా అంటలేదు. ఇంకా సమయం ఉంది.

డైరెక్టరు చక్రధర్ మాత్రం పూర్తిగా వినకుండానే చేయెత్తాడు. "నరహరిగారూ, మీరంటే నాకు గౌరవం. కాని తాగడానికి ఇన్ని సాకులు విన్నాను గాని, అన్నం మీద నెపం పెట్టినవాణ్ణి మిమ్మల్నే చూశాను. నూర్జహాన్‌గారు మీ శిష్యురాలు, మీరు చెప్పమన్నది చెబుతారు."

"అయితే మీ కళ్లతో చూడండి. నన్ను ఒక గదిలో పెట్టండి. ఒక రోజు ఉపవాసం ఉంటాను. మరునాడు మీరు వండించిన అన్నం, మీరు తెచ్చిన నీళ్లు. గంట గంటకూ ఊదించండి. ఒక్కటే కోరిక. వడ్డన మాత్రం మా ఇంటావిడ చేతిమీదుగా జరగాలి."

ఆ కోరిక ఎందుకు కోరాడో ఆయనకే తెలియదు. పరాయివాళ్ల ముందు ఎలాగూ తల తెగుతుంది. ఆ తెగే తలను ఆమె చూడాలి అనుకున్నాడేమో.

గ్రంథాలయంలో బల్లలు జరిపి చాప వేశారు. ఒక డాక్టరు, చక్రధర్, నూర్జహాన్ కుర్చీల్లో కూర్చున్నారు. యంత్రం పట్టుకుని దేవదానం గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పది గంటలకు ఊదిస్తే సున్నా. సుభద్ర వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా, తెల్లటి అన్నమూ పెరుగూ వడ్డించింది. ఈ మూడు నెలల్లో మొదటిసారి వడ్డించిన చోట నిలబడవలసి వచ్చి, పవిట చెంగు చేత్తో పట్టుకుని గోడకు ఆనుకుంది.

నరహరి ఔపోశన పట్టాడు. పంచప్రాణాలకూ అయిదు మెతుకులు సమర్పించి, తలెత్తకుండా తిన్నాడు.

పదకొండింటికి ఇరవై. పన్నెండింటికి డెబ్బై. ఒంటిగంటకు నూట ముప్పై. చక్రధర్ నీళ్ల సీసా మూత తీసి తానే వాసన చూశాడు. నీళ్లే. చాప కింద చూశాడు. నరహరి కళ్లు ఎర్రబడ్డాయి. తల నిలవడం లేదు. సిగ్గుతో దించుకోవాలనుకున్న తల తన మాట వినకుండా గోడవైపు వాలిపోతోంది.

"ఏదైనా చదవండి సార్, మాట ఎలా ఉందో చూడాలి" అన్నాడు డాక్టరు.

ఆయన పద్యం ఎత్తుకున్నాడు. పంక్తిలో ఆనాడు చదివినదే. మూడు పాదాలు తడబడుతూ నడిచి, నాలుగోదాని గడపలో మళ్లీ కూలబడ్డాయి. పెదవులు కదిలాయి గాని మాట పుట్టలేదు. ఆ పాడు నవ్వు మళ్లీ గొంతులోకి వస్తోంది.

అప్పుడు గోడ దగ్గర నుంచి నాలుగో పాదం వినిపించింది. ముప్పైరెండేళ్లుగా వంటింట్లోంచి వింటూ నేర్చుకున్న గొంతు. యతి తప్పలేదు, ప్రాస తప్పలేదు. సుభద్ర చదవడం పూర్తిచేసి, చేతిలోని గరిటె వంక చూసుకుంటూ నిలబడింది.

నరహరి నవ్వు ఆగిపోయింది. "సుభద్రా, వాసన వస్తోందా?" అని చిన్నపిల్లవాడిలా అడిగాడు.

"వస్తోంది" అంది ఆమె. పవిట చెంగు చేతిలోంచి జారిపోయింది; ముక్కు దగ్గరికి పోలేదు. "తాగలేదని మీరు ఒక్కమాట అన్నారు, మొదటిరోజున. నేను నమ్మలేదు."

డబ్బాలు కదలలేదు. మరునాడు ఉపవాసంతో తెప్పరిల్లిన నరహరి చేతనే ఏడవ తొట్టి ఆవిరి కవాటం తిప్పించారు. మరిగే ఆవిరి గడ్డిలోకి బుసబుసమని దూరింది. చక్రధర్ చివరిదాకా బతిమాలాడు. "పాతదైనా, కొత్తదైనా, ఒక్క సీసా ఉంచుదాం నరహరిగారూ. లోకంలో ఇంకెక్కడా లేదు."

"అందుకే వద్దంటున్నాను. దాన్ని ఎంత జాగ్రత్తగా దాచాలో నాకంటే తెలిసినవాడు లేడు. దాచలేకపోయాను."

నూర్జహాన్ ఫ్రీజరులోని చివరి సీసాను ఆవిరి పెట్టెలో ఉంచి మూత బిగించింది. గడియారం అరగంట తిరిగింది. ఇక ఆ వంశం మిగిలి ఉన్నది ఒక్క చోటే.

ఆ సాయంత్రం ఇంట్లో నరహరి మొదటి మాత్రను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పందొమ్మిదేళ్లు పెంచిన ప్రాణి. ఈ మూడు నెలల్లో ఎవరూ తనతో కూర్చుని తినని రోజుల్లో, తన ప్రతి ముద్దనూ పంచుకున్నది అదొక్కటే. దాని మీద జాలి కలగడం పిచ్చితనమని ఆయనకు తెలుసు. నూర్జహాన్ ఇచ్చిన సీసాలోంచి రెండు చుక్కల స్పిరిట్ అరచేతిలో వేసుకుని, వేళ్ల సందుల దాకా రుద్దాడు. చల్లగా ఆరిపోయింది. మూడుసార్లు నీళ్లతో కడిగాడు. మాత్ర నాలుక మీద పెట్టుకుని, ఆ అరచేతిలో ఉద్ధరిణెడు నీళ్లు పోసుకుని, కళ్లు మూసుకుని మింగాడు.

మూడు వారాల తరువాత, ఉద్యోగానికి సెలవు చెప్పి, తన గది తాళాలు అప్పగించడానికి కేంద్రానికి వెళ్లాడు. తిరిగి వస్తుంటే గేటు దగ్గర దేవదానం యంత్రం చాచాడు. అక్కరలేకపోయినా నరహరి ఊదాడు.

"సున్నా సారూ!" అన్నాడు దేవదానం, గెలిచినవాడిలా. "ఇయ్యాల ఏకాశి కూడా కాదు. అన్నం తిన్నారుగా?"

"తిన్నాను."

"అమ్మగారు బాగుండారా?"

నరహరి రోడ్డు వైపు తిరిగాడు. రోడ్డు అవతల ఆలస్యంగా కోసిన దాళ్వా చేలకు నిప్పు పెట్టారు. పొగ గుంపులు గుంపులుగా లేచి, గాలివాటున ఊరివైపు, తన ఇంటివైపు సాగిపోతోంది. ఈపాటికి సుభద్ర కిటికీలు మూసి, మంచం మీద లేచి కూర్చుని, ఒక్కొక్క ఊపిరినీ లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. దేవదానం దగ్గుతూ గొడుగు విప్పి, "పోవద్దు సారూ, కాసేపు ఆగండి" అన్నాడు. ఎండ పడకుండా ఆ నల్లగొడుగు కింద ఒకనాడు కనబడిన మంటకు పొగ లేదని చెప్పబోయి, మానేశాడు నరహరి. అది అతడికీ తెలుసు.

"అక్కడ ఆవిడ ఒక్కతే ఉంది" అని, ముక్కుకు అరచేయి అడ్డం పెట్టుకుని పొగలోకి నడిచాడు. ఆ అరచేయి ఇప్పుడు స్పిరిట్ వాసన వేస్తోంది.